ఐసీయూలో ‘మెరుగైంది’ అంటే ఏం మెరుగైనట్టు?

ఐసీయూ బయట హాల్లో రెండు రోజులు కూర్చుంటే చాలు, మనకొక కొత్త భాష పట్టుబడుతుంది. మూడో రోజుకి ఊరి నుంచి ఫోన్ చేసినవాళ్లకి మనమే చెప్పేస్తుంటాం: ‘సాచురేషన్ 94కి వచ్చింది, బీపీ మందు తగ్గించారు, యూరిన్ బాగానే వస్తోందట.’

మా మేనత్తకి నిమ్ము చేసి గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేనూ ఆ భాష నేర్చుకున్నాను. 19 రోజులు వెంటిలేటర్ మీద ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి డాక్టరు గారు కౌన్సెలింగ్‌కి పిలిచేవారు. చిన్న నోట్‌బుక్కులో అంకెలన్నీ రాసుకునేవాణ్ణి. అంకె పెరిగిన పూట కిందకి వెళ్లి టీ తాగొచ్చేవాళ్లం. తగ్గిన పూట ఎవరి మొహం ఎవరమూ చూసుకునేవాళ్లం కాదు.

అత్త బతికింది. ఇంటికొచ్చింది. గండం గడిచిందన్నారు అందరూ. నెల తిరిగాక ఒక సాయంత్రం తన చీటీల పుస్తకం తెమ్మంది. పాతికేళ్లుగా వీధిలో ఇరవై మందితో చీటీలు నడిపిన మనిషి ఆవిడ. పాట అయిన మరుక్షణం ఎవరెంత కట్టాలో కాగితం చూడకుండా చెప్పేది. ఆ రోజు ఒకే పేజీ ముందు అరగంట కూర్చుని, ‘ఏరా, ఇది నా రాతేనా?’ అని అడిగింది.

ఆసుపత్రి కాగితాల్లో ఆవిడ కోలుకుని డిశ్చార్జ్ అయిన రోగి. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ మాటకీ, పుస్తకం ముందు కూర్చున్న అత్తకీ మధ్య ఏం జరిగిందో అర్థం చేసుకోవాలని ఐసీయూ రోగుల మీద జరిగిన పరిశోధనలు చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే, ఆ రంగం డెబ్బై ఏళ్లుగా ఒకే ప్రశ్నతో కుస్తీ పడుతోంది: ఏది కొలిస్తే రోగి బాగుపడ్డట్టు? మానిటర్ మీద అంకె మారితేనా, మనిషి బతికితేనా, బతికిన మనిషి తన పని తాను చేసుకోగలిగితేనా? ఈ మూడూ ఒకటే అని మనం అనుకుంటాం. కావు.

చేతులతో ఊపిరి పోసిన ఊరు

1952 ఆగస్టులో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో చాలామందికి మింగడానికీ ఊపిరి తీయడానికీ కావలసిన కండరాలు చచ్చుబడిపోయాయి. మొదటి మూడు వారాల్లో అప్పటి శ్వాస యంత్రాల మీద పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు. రక్తపరీక్షల్లో బైకార్బనేట్ బాగా ఎక్కువగా కనిపించేది. రక్తంలో క్షారగుణం ఎందుకో పెరిగిపోతోందని డాక్టర్లు అనుకున్నారు. మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ అదే అంకెని చూసి వేరే మాట చెప్పాడు. పిల్లలు గాలి సరిగ్గా బయటికి వదలలేకపోతున్నారు, కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుపోతోంది, ఆక్సిజన్ పెడితే ఒంటి రంగు బాగానే కనిపిస్తుంది గాని లోపల మనిషి మునిగిపోతున్నాడు అన్నాడు.

12 ఏళ్ల అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాడు. ఆ అమ్మాయి బతికింది. ఆ తర్వాత సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులు వేసుకుని, మంచాల పక్కన కూర్చుని, రాత్రీ పగలూ నెలల తరబడి సంచులు నొక్కారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. మరుసటి ఏడాది డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరంలో ఇలాంటి రోగులందరినీ ఒకేచోట పెట్టి, ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండే వార్డు మొదలుపెట్టాడు. ఇవాళ మనం ఐసీయూ అంటున్నది దాన్నే.

అంత తేడా వచ్చినప్పుడు ఏ పరిశోధనా అక్కర్లేదు, కళ్లకే కనబడుతుంది. చిక్కు ఆ తర్వాత మొదలైంది. వెంటిలేటర్లు వచ్చాయి, మందులు వచ్చాయి. ఇక ఏ కొత్త పద్ధతి వచ్చినా దానివల్ల వందలో అయిదుగురో పదిమందో అదనంగా బతకాలి, లేదా అదనంగా చావాలి. అంత చిన్న తేడాని ఏ అనుభవజ్ఞుడైన డాక్టరూ మంచం పక్కన నిలబడి పసిగట్టలేడు. ఒక ఏడాది మంచి రోగులు వస్తారు, మరో ఏడాది చేయి దాటిపోయాక వస్తారు.

దీనికో ఉదాహరణ మన దగ్గరే ఉంది. చిన్న టౌన్లో ఉన్న నర్సింగ్ హోమ్ బరువైన కేసులన్నీ ‘పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అని పంపేస్తుంది. హైదరాబాదులో గాంధీ, విశాఖలో కేజీహెచ్ లాంటి ఆసుపత్రులకి చిట్టచివరి గంటలో వచ్చే రోగులే ఎక్కువ. అక్కడ మరణాలు ఎక్కువని, ఇక్కడ తక్కువని పోల్చితే న్యాయం కాదు. అందుకని 1980లలో అమెరికాలో విలియం నాస్ బృందం ఒక కొలబద్ద తయారుచేసింది. పేరు అపాచీ. 1985లో వచ్చిన రెండో రూపంలో గుండె వేగం, జ్వరం, ఊపిరి, రక్తంలో సోడియం, క్రియాటినిన్ లాంటి 12 అంశాలకి మార్కులు వేస్తారు. వయసునీ పాత జబ్బుల్నీ కలుపుతారు. మొత్తం 71. ఎంత ఎక్కువ వస్తే అంత ప్రమాదం. ఇంత తీవ్రంగా ఉన్నవాళ్లలో మామూలుగా ఎంతమంది పోతారు, మీ దగ్గర ఎంతమంది పోయారు అని అప్పుడు అడగొచ్చు.

ఈ మార్కులు గుంపు కోసం చేసినవి. మీ నాన్నగారికి 30 శాతం రిస్కు అని ఎవరైనా చెబితే, అలాంటి వందమందిలో ముప్పై మంది పోయారని మాత్రమే అర్థం. ఆ ముప్పైలో ఆయన ఉన్నారా లేదా అన్నది ఆ అంకె చెప్పలేదు. హాల్లో కూర్చున్నప్పుడు నాకీ సంగతి తెలియదు. 30 అంటే ముప్పై వంతులు పోయినట్టే అనిపించి ఆ రాత్రంతా నిద్రపోలేదు.

అంకె బాగుంది, మనిషి పోయాడు

నా దృష్టిలో ఐసీయూ చరిత్రలోనే అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన పరిశోధన 2000 సంవత్సరంలో అచ్చయింది. ఆర్డ్స్‌నెట్ అనే అమెరికా ఆసుపత్రుల బృందం చేసింది. అత్తకి వచ్చింది కూడా ఆ జబ్బే. నిమ్ము ముదిరి రెండు ఊపిరితిత్తులూ నీరు పట్టిన స్పాంజిలా అయిపోతాయి. దాన్నే ఏఆర్‌డీఎస్ అంటారు.

అప్పట్లో అలవాటు ఏమిటంటే, వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి ఒంటి బరువులో కిలోకి 10 నుంచి 15 మిల్లీలీటర్ల గాలి పంపేది. ఆక్సిజన్ తక్కువగా ఉంది కాబట్టి గాలి దండిగా పంపాలి, ఇందులో తప్పేముంది? కానీ 1980లలో ఇటలీ డాక్టరు లూచానో గట్టినోని సీటీ స్కాన్లు తీసి చూస్తే, ఈ రోగుల ఊపిరితిత్తుల్లో కొంత భాగమే తెరుచుకుని ఉంది. మిగతాది మూసుకుపోయింది. పెద్ద మనిషి ఛాతీలో పసిబిడ్డంత ఊపిరితిత్తి మిగిలింది. మొత్తం గాలీ ఆ చిన్న భాగంలోకే వెళ్తే అది సాగి చిరుగుతుంది.

861 మందిని తీసుకున్నారు. ఎవరికి ఏ పద్ధతో డాక్టరు ఎంచుకోలేదు, చీటీ తీసినట్టు పడింది. ఇది ముఖ్యం. లేకపోతే తెలియకుండానే కాస్త బాగున్నవాళ్లు ఒకవైపు చేరిపోతారు. సగం మందికి కిలోకి 12 మిల్లీలీటర్లు, సగం మందికి 6. ఆ కిలో కూడా తూకం మిషన్ మీద చూపించే కిలో కాదు, ఎత్తుని బట్టి లెక్కగట్టేది. ఎందుకంటే మనిషి లావైతే పొట్ట పెరుగుతుంది, ఊపిరితిత్తి పెరగదు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడమనిషికి ఆ లెక్కన దాదాపు 57 కిలోలు. ఒక పద్ధతిలో ఒక్కో ఊపిరికి 680 మిల్లీలీటర్లు, మరో పద్ధతిలో 340. అంటే కూల్‌డ్రింక్ టిన్నంత.

మొదటి మూడు రోజుల్లో ఎవరి ఆక్సిజన్ అంకెలు బాగున్నాయో తెలుసా? ఎక్కువ గాలి పంపినవాళ్లవి. నాలాంటివాడు ఆ హాల్లో నోట్‌బుక్కుతో కూర్చుని ఉంటే, అటువైపు పడ్డందుకు సంతోషించి టీ తాగొచ్చేవాడు. చివరికి ఎక్కువ గాలి పంపినవాళ్లలో 39.8 శాతం చనిపోయారు. తక్కువ పంపినవాళ్లలో 31 శాతం. తేడా ఇంత స్పష్టంగా ఉందని పరిశోధనని ముందుగానే ఆపేశారు. దాదాపు ప్రతి 11 మందికి ఒకరు అదనంగా బతికారు. కొత్త మందు కాదు, కొత్త యంత్రం కాదు. ఉన్న యంత్రం మీద ఒక బటన్ తక్కువకి తిప్పడం, అంతే.

ఆ వ్యాసం చదివిన రోజు నా నోట్‌బుక్కు తీసి మళ్లీ చూశాను. 91, 93, 92, 95. ఆ అంకెల కోసం మేం ఎన్ని మొక్కులు మొక్కామో. డాక్టరు గారు మాత్రం 91 ఉన్న రోజు కూడా నిదానంగానే ఉండేవారు. ఆయనకి పట్టింపు లేదేమోనని లోలోపల కోపంగా ఉండేది. ఆ నిదానం వెనక 861 మంది ఉన్నారని ఇప్పుడు తెలుసు.

అంకెని సరిచేయడమే వైద్యం అనుకుంటే ఏమవుతుందో చక్కెర కథ ఇంకా బాగా చెబుతుంది. ఒంటికి పెద్ద జబ్బు చేస్తే షుగరు పెరుగుతుంది, మధుమేహం లేనివాళ్లకి కూడా. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో గ్రేట్ వాన్ డెన్ బెర్గే బృందం 1,548 మంది సర్జరీ రోగుల మీద పరిశోధన చేసి, ఇన్సులిన్‌తో షుగర్ని గట్టిగా 80–110 మధ్య పట్టి ఉంచితే ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయని చూపించింది. ప్రపంచమంతా అదే దారి పట్టింది. కానీ అది ఒకే ఆసుపత్రి. ఎక్కువమంది గుండె ఆపరేషన్ అయినవాళ్లు. 2009లో నైస్-షుగర్ అనే పరిశోధన ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడాల్లో ప్రధానంగా 6,104 మంది మీద జరిగింది. గట్టిగా పట్టినవాళ్లలో 90 రోజుల్లో 27.5 శాతం పోయారు, 180 లోపు ఉంటే చాలని వదిలినవాళ్లలో 24.9 శాతం. షుగరు మరీ పడిపోవడం ఒకవైపు 6.8 శాతం మందికి, మరోవైపు 0.5 శాతానికే.

ఎనిమిదేళ్లపాటు మంచి మనసుతో, మంచి అంకెల కోసం చేసిన పని అది. ఎవరినీ తప్పుపట్టే విషయం కాదు. రెండో పరిశోధన చేసే ధైర్యం లేకపోతే ఇంకా అలాగే చేస్తూ ఉండేవాళ్లు.

ఆఫ్రికాలో జరిగిన ఫీస్ట్ పరిశోధన చదువుతుంటే మాత్రం మనసు కలుక్కుమంది. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో జ్వరంతో, రక్తప్రసరణ మందగించి వచ్చిన 3,141 మంది పిల్లలు. గబగబా సెలైన్ ఎక్కించాలని పుస్తకాల్లో ఉంది. ఎక్కిస్తే చేతులు వెచ్చబడతాయి, నాడి అందుతుంది, పక్కనున్న తల్లికి కూడా బిడ్డ తేరుకున్నట్టే కనిపిస్తుంది. 2011లో ఫలితాలు వచ్చాయి. అలా గబగబా ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో దాదాపు 10.5 శాతం చనిపోయారు, ఎక్కించనివాళ్లలో 7.3 శాతం. ఆ పిల్లలున్నది వెంటిలేటర్లు లేని ఆసుపత్రుల్లో. ధనిక దేశాల్లో రాసిన పుస్తకాన్ని అక్కడికి తీసుకెళ్లి పరీక్షించి చూసేదాకా ఈ సంగతి ఎవరికీ తెలియదు. మన జిల్లా ఆసుపత్రులకి ఏ పరిశోధన వర్తిస్తుంది, ఏది వర్తించదు అని ఆలోచించాల్సినవాళ్లు ఈ ఒక్క ఫలితాన్ని గుర్తుపెట్టుకున్నా చాలు.

కోవిడ్ రోజుల్లో రోగుల్ని బోర్లా పడుకోబెట్టిన ఫోటోలు అందరం చూశాం. ఆ పద్ధతి అప్పటికప్పుడు పుట్టింది కాదు. 2013లో ఫ్రాన్స్‌లో క్లోడ్ గెరాన్ బృందం 466 మందితో చేసిన పరిశోధనలో, తీవ్రమైన ఏఆర్‌డీఎస్ ఉన్నవాళ్లని రోజుకి 16 గంటలకి తగ్గకుండా బోర్లా ఉంచితే 28 రోజుల మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి పడిపోయాయి. అయినా 50 దేశాల 459 ఐసీయూలు చూసి తీసి, 2016లో అచ్చేసిన లెక్కల్లో, తీవ్రంగా ఉన్నవాళ్లలో కూడా ఆరుగురిలో ఒక్కరినే బోర్లా పడుకోబెట్టారు. అసలు ఏఆర్‌డీఎస్ ఉన్నవాళ్లలో నలభై శాతం మందికి ఆ జబ్బు ఉందని డాక్టర్లు గుర్తించనే లేదు. ఒక సంగతి రుజువవడం వేరు, అది మంచం దగ్గరికి చేరడం వేరు.

కోవిడ్‌లోనే ఇంకోటి. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ పరిశోధన డెక్సామెథాసోన్ అనే చవకైన స్టెరాయిడ్ గురించి చెప్పింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం ఏ లాభమూ కనబడలేదు. ఈ రెండో వాక్యం మన దగ్గర చాలా ఇళ్లకి చేరలేదు. రెండో వేవ్‌లో పక్కింటివాళ్ల ప్రిస్క్రిప్షన్ వాట్సాప్‌లో పంపించుకుని, ఇంట్లోనే, మొదటి రోజు నుంచే స్టెరాయిడ్లు వాడినవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. షుగరు ఉన్నవాళ్లకి బ్లాక్ ఫంగస్ రావడంలో దాని పాత్ర ఎంతో తర్వాత చూశాం.

‘లామా’ రోగి ఏ లెక్కలోకి వస్తాడు?

మరణాన్ని లెక్కపెట్టడం తేలిక అనుకుంటాం. మనిషి ఉన్నాడో లేడో, అంతేగా. కానీ ఎప్పుడు లెక్కపెట్టాలి? ఐసీయూ నుంచి బయటికొచ్చినప్పుడా, ఆసుపత్రి నుంచి వెళ్లినప్పుడా, 28 రోజులకా, 90 రోజులకా? వార్డుకి మార్చిన మూడో రోజున చనిపోతే ఐసీయూ లెక్కలో అతను బతికినట్టే.

మన దేశంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఐసీయూ హాల్లో ‘లామా’ అనే మాట వినని రోజు ఉండదు. డాక్టరు వద్దన్నా సొంత బాధ్యత మీద తీసుకెళ్తున్నాం అని సంతకం పెట్టి రోగిని తీసుకెళ్లడం అది. మా పక్క కుర్చీల్లో కూర్చున్న కుటుంబం పదకొండో రోజున అలాగే తీసుకెళ్లిపోయింది. రెండెకరాలు అప్పటికే తాకట్టులో ఉన్నాయి. ‘ప్రాణం ఇంట్లోనే పోనీ బాబూ’ అంది ఆ పెద్దావిడ, సంచి సర్దుకుంటూ. ఆ రోగి ఆసుపత్రి రికార్డులో చనిపోలేదు. బాగుపడనూ లేదు. రాస్తే ‘లామా’ అనే గడిలో రాసి ఉంటారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక ఐసీయూలో వందమంది చేరారనుకోండి. 20 మంది అక్కడే పోయారు, 10 మందిని లామా కింద తీసుకెళ్లారు. మరణాల రేటు 20 శాతమా? ఆ పదిమందిని లెక్కలోంచి తీసేస్తే 22. వాళ్లంతా ఇంటికి చేరిన రోజే పోయారనుకుంటే 30. ఒకే ఆసుపత్రి, ఒకే వైద్యం, మూడు అంకెలు. 2010–11లో మన దేశంలోని 120 ఐసీయూల్లో నాలుగు వేలకి పైగా రోగుల వివరాలు సేకరించిన ఇండికాప్స్ అనే పెద్ద పరిశోధన ఉంది. 2019 నుంచి ఐరిస్ పేరుతో ఒక జాతీయ రిజిస్ట్రీ నడుస్తోంది. ఇవి చాలా విలువైన ప్రయత్నాలు. కానీ రోగి గేటు దాటి అంబులెన్సులో ఊరికి వెళ్లిపోయాక వెంట వెళ్లి కనుక్కునే ఏర్పాటు లేకపోతే, ఎంత మంచి రిజిస్ట్రీ అయినా ఆ గేటు దగ్గరే ఆగిపోతుంది.

లామా అన్నిసార్లూ డబ్బు వల్లే కాదు. ఇక లాభం లేదని డాక్టరుకీ తెలుసు, కుటుంబానికీ తెలుసు, కానీ యంత్రాలు ఆపడం చట్టరీత్యా ఎలాగో ఎవరికీ స్పష్టంగా తెలియదు. అప్పుడు ‘మీరే తీసుకెళ్లండి’ అన్నదే అందరికీ మిగిలే దారి. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా చనిపోయే హక్కునీ, ముందుగానే రాసిపెట్టే వీలునామా లాంటి పత్రాన్నీ గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది. ఇది ఆచరణలోకి వస్తే, చివరి గంటలు అంబులెన్సులో గతుకుల రోడ్డు మీద కాకుండా, నొప్పి తెలియకుండా, మనవాళ్ల మధ్య గడిచే వీలు కలుగుతుంది. అదీ ఒక ఫలితమే. దాన్ని కొలిచేవాళ్లు ఇంకా తక్కువ.

బతికాక

2003లో టొరంటోలో మార్గరెట్ హెరిడ్జ్ అనే డాక్టరు, ఏఆర్‌డీఎస్ నుంచి బతికి బయటపడిన 109 మందిని ఏడాదిపాటు వెంబడించి చూసింది. ఐసీయూ నుంచి బయటికొచ్చేసరికి వాళ్లు తమ బరువులో 18 శాతం పోగొట్టుకున్నారు. 60 కిలోల మనిషి 49 కిలోలకి దిగినట్టు. పోయింది చాలావరకు కండ. ఏడాది తర్వాత ఊపిరితిత్తులు దాదాపు మామూలుగా పనిచేస్తున్నాయి. కానీ ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో చూస్తే, ఆ వయసు మనిషి నడవాల్సిన దాంట్లో మూడింట రెండు వంతులే నడిచారు. సగం మందే తిరిగి ఉద్యోగాలకి వెళ్లగలిగారు. అయిదేళ్ల తర్వాత చూసినా ఆ నడక పూర్తిగా తిరిగి రాలేదు. వాళ్లలో చాలామంది నడివయసువాళ్లు, ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు.

మాకు డిశ్చార్జ్ రోజున ఇచ్చిన కాగితంలో మందులున్నాయి, రెండు వారాల తర్వాత చూపించుకోమని ఉంది. నడక గురించి ఒక్క ముక్క లేదు. అత్త గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. ‘బలం లేదు, నాలుగు ముద్దలు ఎక్కువ తిను’ అని ఇంటిల్లిపాదీ వెంటపడ్డాం. పడుకున్న మనిషికి తిండి ఒక్కటే కండ కాదని మాకు చెప్పినవాళ్లు లేరు.

తర్వాత మెదడు సంగతి. ఐసీయూలో ఉన్నప్పుడు అత్త గోడ మీద ఎవరో చీటీ డబ్బులు లెక్కపెడుతున్నారనేది. చేతులు కట్టేసి తనని ఎక్కడికో అమ్మేస్తున్నారని ఏడ్చింది. మంచం దిగిపోబోయింది. మా బాబాయి దిష్టి తీయించాలన్నాడు. మన పెద్దవాళ్లు దీన్ని సంధి అంటారు, ఆ మాటల్ని సంధి ప్రేలాపన అంటారు. వాళ్లు పేరు సరిగ్గానే పెట్టారు. వైద్యంలో దీని పేరు డెలిరియం. నర్సు రెండు నిమిషాల్లో కనిపెట్టే పరీక్ష కూడా ఉంది. పది ఇంగ్లీషు అక్షరాలు వరసగా చదువుతుంది, ‘ఎ’ విన్నప్పుడల్లా రోగి చెయ్యి నొక్కాలి. గొట్టం ఉన్నవాళ్లకి కూడా చేయొచ్చు, మాట్లాడక్కర్లేదు. ఇందులో ఇంకో సంగతి ఉంది. కేకలు వేసే సంధి అందరికీ కనబడుతుంది. కళ్లు తెరుచుకుని, ఏమీ అనకుండా పైకప్పు చూస్తూ పడుకునే సంధీ ఉంటుంది. దాన్ని చూసి మనం ‘ఇవాళ ప్రశాంతంగా ఉంది’ అంటాం.

2013లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ప్రతీక్ పంఢరీపాండే, వెస్ ఈలీల బృందం 821 మంది ఐసీయూ రోగుల మీద చేసిన పరిశోధన అచ్చయింది. నూటికి 74 మందికి ఆసుపత్రిలో ఉండగా సంధి వచ్చింది. మూడు నెలల తర్వాత జ్ఞాపకం, లెక్క, ఆలోచన పరీక్షిస్తే, నూటికి 40 మంది తలకి మోస్తరు గాయమైనవాళ్ల స్థాయిలో, 26 మంది అల్జీమర్స్ మొదటి దశ స్థాయిలో ఉన్నారు. ఏడాదికి కూడా ఆ అంకెలు 34, 24. ముసలివాళ్లే కాదు, చిన్న వయసువాళ్లూ ఉన్నారు. సంధి ఎన్ని ఎక్కువ రోజులు ఉంటే తర్వాత అంత ఎక్కువ నష్టం.

ఆ పరిశోధనలో ఈ సంగతి నేను మొదటిసారి చదివినప్పుడు అత్త చీటీల పుస్తకం కళ్లముందు కనబడింది. ఆవిడ బద్ధకించలేదు, పెద్దతనం మీద పడలేదు. 19 రోజుల్లో మెదడుకి దెబ్బ తగిలింది, ఎక్స్‌రేలో కనిపించని దెబ్బ. ఒంటి బలహీనత, మతిమరుపు, గుండెదడ, పీడకలలు అన్నీ కలిపి దీనికి 2010 తర్వాత ఒక పేరు పెట్టారు: ఐసీయూ అనంతర లక్షణ సముదాయం, పొట్టిగా పిక్స్. రాత్రుళ్లు హాల్లో కూర్చున్న కుటుంబసభ్యులకి వచ్చే దిగులూ ఆందోళనా కూడా ఇందులో భాగమేనని ఒప్పుకున్నారు. ఇంటికొచ్చాక నెలల తరబడి ఫోన్ మోగితే చాలు నా చేతులు చల్లబడేవి. టెన్షన్ అనుకుని ఊరుకున్నాను.

మరి ఏం చేయొచ్చు? మొదటి మార్పు మత్తులో వచ్చింది. 2000లో షికాగోలో 128 మందితో జరిగిన పరిశోధనలో, రోజుకొకసారి మత్తు మందు ఆపి రోగిని మెలకువలోకి రానిస్తే వెంటిలేటర్ మీద ఉండే కాలం 7.3 రోజుల నుంచి 4.9కి తగ్గింది. మనం ‘పాపం నిద్రపోనివ్వండి, మెలకువ వస్తే బాధ’ అంటాం. ఆ నిద్ర నిద్ర కాదు. 2009లో అమెరికాలో వెంటిలేటర్ మీద ఉన్న 104 మందితో జరిగిన ఇంకో పరిశోధన ఉంది. గొట్టం ఉండగానే, మెలకువ వచ్చిన మొదటి రోజుల నుంచే కూర్చోబెట్టి, నిలబెట్టి, వ్యాయామం చేయించినవాళ్లలో 59 శాతం మంది ఇంటికెళ్లేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగారు. అలా చేయించనివాళ్లలో 35 శాతం.

దీంతో ఎంత ఎక్కువ నడిపిస్తే అంత మంచిదని అనిపిస్తుంది కదా. 2022లో 750 మందితో జరిగిన టీమ్ అనే పరిశోధన ఆ ఉత్సాహానికి కళ్లెం వేసింది. మామూలుగా చేయించే వ్యాయామం కంటే ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా చేయిస్తే అదనంగా లాభం రాలేదు. పైగా గుండె లయ తప్పడం, ఆక్సిజన్ పడిపోవడం లాంటి ఇబ్బందులు పెరిగాయి. చక్కెర కథే మళ్లీ.

డైరీ

బతికినవాళ్లని ఎక్కువగా వేధించేది, ఆ రోజుల్లో నిజంగా ఏం జరిగిందో తెలియకపోవడం. జ్ఞాపకం ఉండాల్సిన చోట పీడకలలు ఉంటాయి. అందుకని ఐరోపాలో కొన్ని ఐసీయూల్లో మంచం పక్కన ఒక డైరీ పెట్టారు. నర్సులూ ఇంట్లోవాళ్లూ రోజూ నాలుగు ముక్కలు రాస్తారు. కోలుకున్నాక రోగికి ఇస్తారు. 2010లో ఆరు దేశాల్లో 352 మందితో చేసిన పరిశోధనలో, డైరీ ఇచ్చినవాళ్లలో 5 శాతానికే కొత్తగా పీటీఎస్‌డీ అనే మానసిక సమస్య వచ్చింది, ఇవ్వనివాళ్లలో 13 శాతానికి. 2019లో ఫ్రాన్స్‌లో 657 మందితో మళ్లీ చేస్తే, మూడు నెలల తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి డైరీ మందులా పనిచేస్తుందని నేను చెప్పలేను.

నా నోట్‌బుక్కు అత్తకి చూపించాను. 91, 93, 92, 95. పేజీలు తిప్పి పక్కన పెట్టేసింది. ‘ఇవన్నీ ఏంట్రా? అసలు ఏం జరిగిందో చెప్పు’ అంది. చెప్పబోతే నాకూ రోజులు కలగాపులగంగా గుర్తొచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది మా ఇంటి వాట్సాప్ గ్రూపు. చేర్చిన రాత్రి నుంచి మొదలుపెట్టాను. ‘ఇవాళ కళ్లు తెరిచింది. నర్సు పేరు అడిగితే పెదాలు కదిపింది.’ ‘కాళ్లకి కొబ్బరినూనె రాయనిచ్చారు.’ ‘చేతులు కట్టేశారు, గొట్టం లాగేస్తోందట. నేను వెళ్లి పట్టుకున్నాక విప్పారు.’

అక్కడ ఆపమంది.

‘అయితే కట్టేసిన మాట నిజమేనన్నమాట,’ అంది. ‘నన్నెవరూ అమ్మెయ్యలేదు. గొట్టం లాగేస్తానని కట్టారు.’ కాసేపు తన మణికట్టు చూసుకుంది. ‘పట్టుకుంది ఎవరు, నువ్వేనా?’

నేనే అన్నాను. తర్వాతి మెసేజ్ చదవమంది.